సీలు నీళ్ల భక్తి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ నలుగురున్న ఇంట్లో ప్రయాణానికి సంచి సర్దుతుంటే నీళ్ల దగ్గర చిన్న తగవు తప్పదు. ఇంటి పెద్దావిడ స్టీలు బాటిళ్లు కడిగి నింపబోతుంది. కొడుకో అల్లుడో అడ్డం పడతాడు: "ఈ బరువంతా ఎందుకుమా, దావలో యాడైనా సీలు బాటిల్ కొనుక్కుంటే పోయె!" దాంతో తగవు ముగుస్తుంది. గెలిచేది దాదాపు ఎప్పుడూ సీలు బాటిలే.

ఇవాళ చాలామంది నమ్మే సిద్ధాంతం మొత్తం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది. సీలుంటే నీళ్లు శుద్ధం, లేకుంటే అనుమానం. లోహపు బాటిల్ మోయడం పాతకాలపు చాదస్తం, కాదంటే డబ్బున్నోళ్ల కొత్త షోకు. తాగి పారేసిన ప్లాస్టిక్ ఎలాగూ రీసైకిల్ అవుతుంది. అంతగా వద్దనుకుంటే ప్రభుత్వమే ముందు ఊరూరా మంచినీళ్లు పెట్టాలి గానీ, ఒక ఇల్లు బాటిళ్లు మార్చుకుంటే ఏమొరుగుతుంది? వినడానికి అన్నీ సబబుగానే ఉంటాయి. పట్టి చూస్తే నిలబడేవి మాత్రం తక్కువ.

ముందు సీలు సంగతి. తిరుపతి కార్పొరేషన్ కొళాయికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లు వస్తాయి. చాలా ఇళ్లలో అవి వంటకూ వాడకానికే. తాగడానికి వీధి చివరి ఆర్‌వో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను రావాలి. ఆ క్యాను మూత వదులుగా ఉంటుంది, అడుగున పాచి పట్టిందో లేదో ఎవరూ తొంగి చూడరు. ఇంటిల్లిపాదీ ఏడాది పొడవునా తాగేవి ఆ నీళ్లే. అదే కుటుంబం రేణిగుంట స్టేషన్‌లో రైలు దిగగానే సీలు లేని నీళ్లంటే హడలిపోతుంది! క్యాను నీళ్లు మంచివైతే వాటినే బాటిల్లో పోసుకుని బయల్దేరవచ్చు. మంచివి కావంటారా, అప్పుడు చూసుకోవాల్సింది ఇంట్లో క్యాను సంగతి. ఏడాదికి నాలుగైదు ప్రయాణాల్లో కొన్న బాటిళ్లు ఆ లోటును పూడ్చలేవు.

ఇంతకీ ఆ ఇరవై రూపాయల బాటిల్లో ఉన్నవేమిటి? అవీ చాలావరకు బోరు నీళ్లో మున్సిపల్ నీళ్లో. ఆర్‌వోలో వడగట్టి, అతినీలలోహిత కిరణాలో ఓజోనో పట్టించి నింపుతారు. లేబుల్ మీద మంచుకొండ బొమ్మ ఉంటుంది, బోరు మాత్రం ఏ పారిశ్రామికవాడలోనో ఉంటుంది. సహజమైన ఊట నుంచి పట్టిన మినరల్ వాటర్‌కు ఐఎస్ 13428 అని వేరే ప్రమాణం ఉంది. మన బస్టాండ్లలో అమ్మేది ఇంచుమించు అంతా ఐఎస్ 14543 కిందకు వచ్చే ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్. దాన్ని మినరల్ వాటర్ అనుకోవడం మన ఉదారత. 2024 నవంబరు చివర్లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ ప్యాకేజ్డ్ నీళ్లను 'హై రిస్క్' ఆహార పదార్థాల్లో చేర్చి, ఏటా తనిఖీలు, బయటి ఆడిట్లు తప్పనిసరి చేసింది. ప్రతి బాటిల్లో విషముందని దీని అర్థం కాదు. సీలు చూసి ఊరుకుంటే చాలదని, ప్లాంటు లోపలికి వెళ్లి చూడాల్సిందేనని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట.

నీళ్లు సరే, సీసా మాట? 2018లో అమెరికాలోని ఫ్రెడోనియాలో ఉన్న న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మన దేశంతో సహా తొమ్మిది దేశాల్లో కొన్న 259 బాటిళ్లను పరీక్షిస్తే 93 శాతం బాటిళ్లలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. 2024 జనవరిలో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు మరింత సూక్ష్మంగా చూశారు. అక్కడ అమ్మే మూడు బ్రాండ్లలో లీటరుకు సగటున 2.4 లక్షల రేణువులు తేలాయి, అందులో తొంభై శాతం నానో పరిమాణంలోవి. అవి ఒంట్లో ఏం చేస్తాయన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు. కాబట్టి ఆ అంకెలు చూపించి జనాన్ని బెదరగొట్టడం న్యాయం కాదు. ఎండలో పెట్టిన బాటిల్ మధ్యాహ్నానికి విషమైపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా అతిశయోక్తే. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2008లో దీన్ని కొలిచారు. పెట్ ప్లాస్టిక్‌లోని యాంటిమొనీ అనే పదార్థం వేడికి నీళ్లలోకి దిగే మాట నిజమే గానీ, 60 డిగ్రీల దగ్గర పెడితే అమెరికా పరిమితి దాటడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. లోహపు బాటిల్ వైపు వాదించడానికి ఇలాంటి అబద్ధపు భయాల అవసరం లేదు. 'సీలంటే శుద్ధం' అన్న మాట రుజువు కాలేదని తెలిస్తే చాలు.

ఇక 'మన జనంతో ఇది అయ్యే పని కాదు' అన్న వాదన. దీనికి జవాబు తిరుపతి వాళ్లకు తలెత్తి చూస్తే కనిపిస్తుంది.

తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్ల మీద ఆంక్షలు మొదలైనప్పుడు అంతా ఇదే మాట అన్నారు. చంటిపిల్లలతో వచ్చేవాళ్లు ఏమవుతారు, ముసలివాళ్లు గొంతెండి పడిపోరా, ఉత్తరాది నుంచి వచ్చిన భక్తుడికి కొళాయి నీళ్లు పడతాయా అని. 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్‌ను టీటీడీ పూర్తిగా నిషేధించింది. అలిపిరి తనిఖీలోనే ఆపేస్తున్నారు. రోజుకు అరవై, డెబ్బై వేల మంది, రద్దీ రోజుల్లో ఇంకా ఎక్కువ మంది వచ్చిపోయే చోటు అది. దేశంలోని అన్ని భాషలవాళ్లూ, అన్ని అంతస్తులవాళ్లూ, పిల్లలూ పెద్దలూ ఉంటారు. అలవాటు మార్చుకోవడానికి ఇంతకంటే కష్టమైన గుంపును ఎంచుకోలేం. అయినా కొండ మీద జనం నీళ్లు తాగుతూనే ఉన్నారు.

ఎలా సాధ్యమైందో చూడాలి. ఊరికే వద్దని బోర్డు పెట్టి వదిలేయలేదు. 'జలప్రసాదం' పేరుతో శుద్ధి చేసిన నీళ్ల కొళాయిలు పెట్టారు. క్యూలో శ్రీవారి సేవకులు నీళ్లందిస్తారు. దుకాణాల్లో గాజు సీసాలొచ్చాయి. నీళ్లకు ఒక ధర, సీసాకు డిపాజిట్, సీసా తిరిగిచ్చేస్తే డిపాజిట్ వాపసు. గాజు సీసాలతో చిక్కులు లేకపోలేదు. బరువు, పగిలే భయం, తిరిగివ్వడానికి ఏ దుకాణంలో కొన్నామో గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి ఆ తిప్పలు పడిన కుటుంబం రెండోసారి స్టీలు బాటిల్ పట్టుకునే వస్తుంది. నిషేధం చేసిన అసలు మేలు ఇదే కావచ్చు.

కొండ మీద నీళ్లకు కొదవ ఉందా అంటే, గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార అని జలాశయాలే అయిదున్నాయి. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అక్కడి కణుజులు, జింకలు ఉప్పూ తీపీ అంటిన ప్లాస్టిక్ కనబడితే నమిలి మింగేస్తాయి. సొంత వానతో నిండే కొండ మీదికి ఎక్కడో బోరు నీళ్లను ప్లాస్టిక్‌లో నింపి, లారీలో ఘాటు రోడ్డెక్కించి, ఖాళీ బాటిళ్లను మళ్లీ కిందికి దింపడం ఇన్నేళ్లు ఎవరికీ వింతగా తోచలేదు!

కిందికి దిగితే కథ మారుతుంది. అలిపిరి తనిఖీ ముందు సగం తాగిన బాటిల్ డ్రమ్ములో పడేసి ఎక్కిన మనిషి, దిగొచ్చి బస్టాండ్‌లో మొట్టమొదట కొనేది మరో బాటిల్. రెండు రోజులు కొండ మీద లేని అనుమానం కింద ఎక్కడి నుంచి వచ్చింది? మనిషీ అదే, గొంతూ అదే. తేడా కొళాయి దగ్గరే ఉంది.

సిక్కింలోని లాచెన్ ఊరు 2012లోనే ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లను బహిష్కరించింది. పర్యాటకుల మీద బతికే ఊరు అది. పదేళ్ల తర్వాత, 2022 జనవరి నుంచి రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. నీలగిరి జిల్లాలో 2019 నుంచి ప్లాస్టిక్ బాటిళ్లను ఆపి, రోడ్ల పక్కన వాటర్ ఏటీఎంలు పెట్టారు. ఊటీకి కారేసుకుని వెళ్లే చిత్తూరు కుటుంబాలకు ఆ చెక్‌పోస్టులు బాగా తెలుసు. అక్కడికి వెళ్లేటప్పుడు స్టీలు బాటిళ్లు బయటికి తీస్తారు, ఇంటికొచ్చాక అటక మీదికి ఎక్కిస్తారు.

లోహపు బాటిల్ కొత్త షోకు అనేవాళ్లకు మరచెంబు గుర్తులేదు. ఇత్తడి చెంబుకు మర మూత, పైన పట్టుకోవడానికి పిడి. పాకాల జంక్షన్‌లో బండి మారే ప్రయాణికుడి చేతిలో, పెళ్లికూతురి సారెలో అది ఉండి తీరేది. బాటిల్ నీళ్లను మన దేశానికి తెచ్చిన బిస్లరీ 1965లో బొంబాయిలో మొదలై, గాజు సీసాల్లో, పెద్ద హోటళ్లకే పరిమితమై చాలాకాలం నడిచింది. ఊరూరా ప్లాస్టిక్ బాటిల్ కనబడడం 1990ల తర్వాతి సంగతి. అంటే కొత్తగా వచ్చిన షోకు ఏదో లెక్క తేలినట్టే. లోహం ఎంతకాలం మన్నుతుందన్న సందేహం తిరుపతివాళ్లకు అసలే రాకూడదు. తాళ్లపాక కవుల సంకీర్తనలు వందల ఏళ్లు కొండ మీద చీకటి గదిలో పడి ఉండి కూడా మనదాకా వచ్చాయంటే అది రాగిరేకుల పుణ్యమే కదా.

బరువు మాట కూడా తూకం వేసి చెప్పుకోవాలి. లీటరు నీళ్లు ఎందులో పోసినా కిలో. ఒంటి పొర స్టీలు బాటిల్ ఖాళీగా తూస్తే రెండొందల గ్రాములు అటూ ఇటూ. మోత అంటూ గొడవ పడేది ఆ రెండొందల గ్రాముల గురించి. రెండు పొరల వాక్యూమ్ బాటిల్ అంతకు రెట్టింపు దాకా తూగుతుంది, ధర కూడా అలాగే. మే నెల తిరుపతి ఎండలో చల్లటి నీళ్లు కావాలంటే దానికి అర్థం ఉంది. ఇంట్లో అందరికీ అదే అక్కర్లేదు. ఒంటి పొర బాటిల్‌కు తడిగుడ్డ చుట్టి కిటికీ పక్కన పెట్టే పాత ఉపాయం బస్సులో ఇప్పటికీ పనిచేస్తుంది.

డబ్బు లెక్క ఇంకా సులువు. మంచి ఒంటి పొర బాటిల్ మూడు నుంచి అయిదొందలకు వస్తుంది. అంటే పదిహేను నుంచి ఇరవై అయిదు సీలు బాటిళ్ల ఖరీదు. తిరుపతి నుంచి వేలూరు సీఎంసీకి రోగిని తీసుకెళ్లి రెండు రోజులు ఉండివచ్చే కుటుంబం ఒక్క ఆ ప్రయాణంలోనే అందులో సగం తాగేస్తుంది.

పర్యావరణం లెక్క మాత్రం అంత సులువు కాదు, లోహపు బాటిల్ అభిమానులు దాన్ని దాటవేస్తుంటారు. గనిలో ఖనిజం తవ్వి, కరిగించి, క్రోమియం, నికెల్ కలిపి స్టీలు చేయడానికి ఖర్చయ్యే శక్తి ఎక్కువ. ఒకటికి ఒకటి పోలిస్తే ప్లాస్టిక్ బాటిలే నయం. 2009లో డేనియల్ గోల్మన్, గ్రెగరీ నోరిస్ న్యూయార్క్ టైమ్స్‌లో ఈ లెక్క కట్టారు. స్టీలు బాటిల్ యాభై ప్లాస్టిక్ బాటిళ్లకు బదులుగా పనిచేస్తే వాతావరణానికి మేలు, 500 సార్లు వాడితే మిగతా అన్ని లెక్కల్లోనూ అదే గెలుస్తుంది. మన బడులకు ఏడాదికి సుమారు 220 పనిదినాలు. బడికి వెళ్లే పిల్లవాడు ఒకే బాటిల్‌ను పోగొట్టకుండా రెండున్నరేళ్లు వాడితే అయిదొందలు దాటేస్తాడు. సొట్టలు పడ్డా ఫర్వాలేదు. ప్రతి పుట్టినరోజుకూ కొత్త కార్టూన్ బొమ్మ బాటిల్, ఆఫీసు వార్షికోత్సవానికి కంపెనీ లోగో బాటిల్, గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టుగా మరొకటి! అలా అటక మీద అరడజను చేరిన ఇల్లు ప్లాస్టిక్ కంటే ఎక్కువ నష్టమే చేస్తోంది. ఇక్కడ షోకు అన్న నింద నిజమే.

రాగి బాటిల్ మోజు కూడా దీనికి తోబుట్టువే. 2012లో బెంగళూరు పరిశోధకులు రాగి కుండలో పదహారు గంటలు నిలవ ఉంచిన నీళ్లలో విరేచనాల బ్యాక్టీరియా చచ్చిపోయిందని, నీళ్లలోకి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 2 మిల్లీగ్రాముల పరిమితిలోపే ఉందని చూపించారు. అది పనికొచ్చే విషయం. దాన్ని పట్టుకుని షుగరు దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ తగ్గిపోతాయని అమ్మడం వ్యాపారం. రాయలసీమ ఎండకు జనం బాటిల్లో పోసుకెళ్లేది నీళ్లొక్కటే కాదు. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు కూడా. ఆ పులుపు రాగిని కరిగిస్తుంది, వాంతులు పట్టుకుంటాయి. పాతకాలం వాళ్లు రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించింది అందుకే. మజ్జిగ పోసే ఇంటికి స్టీలే శరణ్యం.

స్టీలు కొనేచోట మరో మోసం. అంగడాయన బాటిల్‌కు అయస్కాంతం తగిలించి, "చూడన్నా, అతకలేదు, అసలు సరుకు" అంటాడు. అయస్కాంతం అతకకపోవడం మంచి సరుకైన 304 గ్రేడుకే కాదు, మాంగనీసు ఎక్కువ వేసి చవగ్గా చేసే 201 గ్రేడుకూ ఉన్న గుణమే. అడుగున ముద్రించిన గ్రేడు, ఐఎస్ఐ గుర్తు చూడడం మేలు. రాగి, స్టీలు, అల్యూమినియం నీళ్ల బాటిళ్లకు ఐఎస్ 17803 ప్రమాణం ఉంది. దాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది.

ఈ చర్చలో ఎవరూ పలకని అసలు అభ్యంతరం ఒకటుంది: కడిగేదెవరు? నలుగురికి నాలుగు బాటిళ్లంటే రాత్రి అంట్ల దగ్గర మరో నాలుగు శాల్తీలు, మూతలు వేరే. సీలు బాటిల్‌ను మగవాళ్లు అంత సులువుగా గెలిపించడానికి, ఆడవాళ్లు అంత త్వరగా ఒప్పేసుకోవడానికి కారణం శుద్ధి గురించిన నమ్మకం ఒక్కటే కాదేమో. స్టీలు బాటిల్‌లో కంపు మొదలయ్యేది లోపలి గోడల దగ్గర కాదు, మూతలోని రబ్బరు రింగు దగ్గర. దాన్ని స్పూను కాడతో పైకి లేపితే కింద నల్లటి జిగట చార కనిపిస్తుంది. వారానికోసారి రింగు ఊడదీసి, వంటసోడా కలిపిన వేడినీళ్లలో వేసి తోమాలి. బోరు నీళ్ల తెల్ల పొర పడితే చింతపండో నిమ్మచెక్కో చాలు. బ్లీచింగ్ మాత్రం వాడితే స్టీలుకు చిల్లులు పడతాయి. చెయ్యి పట్టేంత వెడల్పు మూతి ఉన్నదే కొనాలి. ఇన్నిటికంటే ముఖ్యం, ఎవరి బాటిల్ వాళ్లు కడుక్కోవాలి. ఇది కుదరని ఇంట్లో లోహపు బాటిళ్లు రెండు నెలలకే అటకెక్కుతాయి, దానికి లోహాన్ని తప్పుపట్టి లాభం లేదు.

రీసైక్లింగ్ వాదన మిగిలింది. పెట్ బాటిల్ మన దేశంలో మిగతా ప్లాస్టిక్‌ల కంటే ఎక్కువగా తిరిగి వాడకంలోకి వస్తుంది, నిజం. ఆ పని చేసేది కంపెనీ కాదు, తెల్లవారకముందే గోతం భుజాన వేసుకుని బస్టాండ్ చుట్టూ తిరిగే మనిషి. ఆ బాటిల్ మళ్లీ బాటిల్‌గా పుట్టడం తక్కువ, ఎక్కువ భాగం పాలిస్టర్ దారమవుతుంది. చొక్కా అయిన బాటిల్ ఇంకోసారి ఏమీ కాదు. తిరుపతి చెత్త తూకివాకం ప్లాంటుకు చేరి వేరు పడుతుంది గానీ, మంగళం రోడ్డు పక్క కాలువలోనో, స్వర్ణముఖి ఇసుకలోనో పడ్డ బాటిల్‌ను ఎవరు లెక్కేస్తారు? 2022 జూలై 1న దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల్లో నీళ్ల బాటిల్ లేనే లేదు. చెవిలో దూది పుల్లను ఆపిన చట్టం దీన్ని వదిలేసింది.

ప్రభుత్వం ముందు నీళ్లు పెట్టాలన్న మాటలో న్యాయముంది. తిరుమల నేర్పింది కూడా అదే. కాకపోతే కొళాయి కావాలని ఎవరు అడుగుతారు? చేతిలో ఖాళీ బాటిల్ ఉన్నవాడు అడుగుతాడు. ఇరవై రూపాయలు జేబులోంచి తీసిచ్చేవాడికి బస్టాండ్‌లో కొళాయి ఎండిపోయిందో లేదో కూడా తెలియదు. వేసవి రాగానే చలివేంద్రాలు పెట్టే ఊళ్లు మనవి. దాహంతో వచ్చినవాడికి నీళ్లమ్మడం తప్పనుకునే తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. శ్రీకాళహస్తిలో, కాణిపాకంలో, చిత్తూరు బస్టాండ్‌లో మంచి కొళాయి కోసం గొడవ చేసే జనం పెరిగితేనే ఆ ఖర్చు పెట్టాలన్న ఆలోచన అధికారులకు వస్తుంది.

అందాకా కుటుంబాల చేతిలోనే ఉన్న చోటు ఒకటుంది, పెళ్లి. కొండ మీద మూడు ముళ్లు వేయించి, గాజు సీసాలో నీళ్లు తాగి దిగివచ్చిన పెళ్లివారే సాయంత్రం కింద మండపంలో రిసెప్షన్‌కు ఆకు పక్కన ఒక్కో చిన్న బాటిల్ పెట్టిస్తారు. రెండు గుక్కలు తాగి వదిలేసినవి సగానికి పైనే ఉంటాయి, నీళ్లతో సహా సంచుల్లో కూరి బయట పడేస్తారు. వెయ్యి మందికి ఒక్కో బాటిల్ అయిదారు రూపాయలు పడ్డా అయిదారు వేలు. అదే డబ్బుకు స్టీలు గ్లాసులు అద్దెకొస్తాయి, జగ్గులు పట్టుకుని వరసల్లో తిరగడానికి ఇద్దరు కుర్రాళ్లొస్తారు. సామాన్ల అద్దె దుకాణాల్లో ఆ గ్లాసులు ఇంకా ఉన్నాయి. వంట మాట్లాడుకునే రోజు, లిస్టులో 'వాటర్ బాటిల్స్' అని రాసి ఉన్న వరస దగ్గర ఆగి, కొట్టేయమని చెబితే కేటరింగ్ ఆయన మారుమాట్లాడడు.